ఎవరూ లేని నేల

మా పిన్ని ఇనాయిదిలి దోనె కట్టిన తాడు విప్పుతూ సర్వేయరు బూట్ల వంక చూసి నవ్వింది. "ఇంత నల్లటి బూట్లా? మా బురదకి పండగే."

నేను ఆ మాట స్పానిష్‌లో చెబితే సర్వేయరు ఫెర్మిన్ కూడా నవ్వాడు. మంచివాడే.

మేం గూనా వాళ్ళం, స్పెయిన్ ఓడలు రాకముందు నుంచీ ఈ తీరంలో ఉన్న తెగ. ఇళ్ళు దీవి మీద, తోటలు ఎదుటి ఒడ్డున. చచ్చిపోయిన వాళ్ళని పూడ్చేదీ ఆ ఒడ్డునే, ఏటి పక్కన, వాళ్ళు పడుకునే ఉయ్యాలలతో సహా. మా అమ్మమ్మ అక్కడే ఉంది. అక్కడ హోటలు కడతామని ఒక కంపెనీ వచ్చింది. అది ఎవరూ లేని నేల అని సర్కారు ప్లీడరు కోర్టులో వాదించాడు. చూసి రమ్మని జడ్జి ఫెర్మిన్‌ని పంపాడు.

"మాది కాకపోతే ఎవరిదంటారో అడుగు," అంది పిన్ని, తెడ్డు వేస్తూ.

ఫెర్మిన్ కాస్త ఇబ్బంది పడ్డాడు. "అయిదు వందల ఏళ్ళ కిందట పోపుగారు స్పెయిన్ రాజుకి ఇచ్చేశారట. క్రైస్తవులు లేని నేల, కనుక్కున్న వాళ్ళదేనట. రాజు నుంచి సర్కారుకి వచ్చిందంటారు."

పిన్నికి చెప్పాను. తెడ్డు ఆగిపోయింది.

"ఆ పోపుగారు ఒక్కసారైనా వచ్చి కలుపు తీశాడా?"

తోటలో ఆమె చెట్టు చెట్టునీ చూపించింది. "ఈ కోకో మా అమ్మ నాటింది. ఆ కొబ్బరి నా పెళ్ళినాటిది." ఫెర్మిన్ అన్నీ రాసుకున్నాడు. ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు, సముద్రం మీంచి పొగమంచు లేచింది. మెల్లగా చెట్ల మొదళ్ళ దాకా పాకింది. పిట్టలు ఊరుకున్నాయి. ఏటి చప్పుడు కూడా దూరమైపోయింది. తడిసిన పాత చెక్క వాసన... కరిగిన కొవ్వొత్తి వాసన... దాని వెనకే తుప్పు పట్టిన ఇనుము వాసన.

అప్పుడు వినిపించింది.

మగ గొంతు. నీళ్ళ మీంచి. అరుపు కాదు, పిలుపు కాదు. ఏదో చదువుతున్నట్టు, విసుగ్గా, ఒకే తీరున.

ఫెర్మిన్ పెన్సిలు ఆగింది. "స్పానిషే," అన్నాడు గుసగుసగా. "కానీ ఇప్పుడెవరూ ఇలా మాట్లాడరు."

"ఏమంటున్నాడు?" ఆ పాత మాటలు నాకు అందలేదు.

"దేవుడొక్కడేనట... ఆయన తరఫున పోపు ఈ నేలని రాజుకి ఇచ్చాడట... ఒప్పుకోమంటున్నాడు. ఒప్పుకోకపోతే యుద్ధానికొచ్చి ఆలుబిడ్డల్ని పట్టుకుపోతాడట. ఆ చావులన్నిటికీ తప్పు మీదేనట."

గొంతు ఆగింది. తెరచాప చప్పుడు లేదు. తెడ్ల చప్పుడు లేదు.

"ఎందుకాగాడు?"

"జవాబు కోసం."

నేను చెప్పేసరికి పిన్ని చేతిలోని తోట కత్తి పారేసి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచింది. "మేమున్నాం! ఇది మా అమ్మ తోట! ఇవ్వడానికి నువ్వెవడివిరా?" ఆ కేకకి వెనక కొండ మారుమోగింది.

మంచులోంచి ఒక చిన్న మాట వచ్చింది. ఫెర్మిన్ చెవి ఒగ్గి విన్నాడు.

"ఎవరూ పలకలేదు... అంటున్నాడు."

తర్వాత నా భుజం పట్టుకుని ఊపేశాడు. "మీ పిన్నిని పిలువు! ఒక్క మాట అనమను! ఎక్కడికి పోయిందావిడ?"

ఆమె అతని ఎదురుగానే ఉంది. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తూనే ఉంది. అతని చూపు ఆమెని దాటి సముద్రం మీద వెతుకుతోంది.

నేను పిన్ని చెయ్యి లాగి అతని చేతిలో పెట్టాను. అతను వణికాడు. "ఎంత చలి!" అని అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె తెడ్డు వేస్తుంటే, ఆ తెడ్డుకి ఎదురుగా కూర్చుని కూడా ఆమె ఊసెత్తలేదు.

దీవిలో మాత్రం పిన్ని అందరికీ కనిపించింది. తడిసొచ్చిందని మా అమ్మ తిట్టింది. కొబ్బరిపాల చేపల పులుసు రెండుసార్లు పోయించుకుని తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫెర్మిన్‌కే భయంతో కళ్ళు బైర్లు కమ్మాయి అనుకున్నాను.

వాయిదా రోజున దీవిలో సగం మంది పట్నం కదిలారు. ముందుగా ఫెర్మిన్ లేచాడు. చూసింది చూసినట్టు నిజాయితీగా చెప్పాడు. చెట్లున్నాయన్నాడు. మనుషులెవరూ కనిపించలేదన్నాడు. ఆ ఒడ్డుకి తను ఒక్కడే వెళ్ళానన్నాడు.

ఆ రోజంతా అతనికి మా మాటలు స్పానిష్‌లో చెప్పింది నేను.

పిన్నిని పేరు పెట్టి పిలిచారు. బంగారు ముక్కుపోగు, కొత్త రవిక. నిటారుగా వెళ్ళి నిలబడి మా భాషలో చెప్పడం మొదలుపెట్టింది. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ సమాధిలో ఎవరున్నారో. వెనక మావాళ్ళు ఏడుస్తున్నారు. జడ్జి గోడ గడియారం చూశాడు.

"సాక్షి రాలేదా?"

"ఇదిగో ఇక్కడే ఉందండీ!" నేను స్పానిష్‌లో అరిచాను. "మీ ముందే ఉంది! మాట్లాడుతోంది, వినండి!"

అతని చూపు నా మీదుగా బల్లల వైపు పోయింది. బల్లల నిండా మావాళ్ళే. చూపు అక్కడా ఆగలేదు. తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"వాళ్ళ తరఫున ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ లేరండి," అన్నాడు గుమాస్తా.

అంటూనే లేచాడు. పిన్ని నిలబడ్డ చోటుకి వచ్చి ఒక్క క్షణం ఆగాడు. తల దించుకుని, ఆమె లంగా అంచు తగలకుండా పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళి, తలుపు మూశాడు.