ఆట ఆగినప్పుడు చెప్పిన కథ

అక్క భుజాన సంచి కూడా దించలేదు. చెల్లెలి ఇంటి గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు ఆమె ముఖంలోకి చూస్తోంది. ఆ చూపుకి చెల్లెలి ప్రాణం సగం పోయింది.

గంట క్రితం దాకా ఎంత సంబరం... ఇంటిల్లిపాదీ వసపిట్ట అని పిలిచే తన కూతురు, ఈ వేసవి సెలవుల్లో పిల్లలకి ఆటల కామెంటరీ నేర్పే శిబిరంలో చేరింది. చేర్పించింది పెద్దమ్మే. బడిలో ఆటల టీచరు కదా, "దీని వాగుడుకి ఇన్నాళ్ళకి ఒక దారి దొరికింది" అని తనే వెంటబెట్టుకెళ్ళింది. ఇవాళ ఆఖరి రోజు. మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్, పై గదిలో మైకు ముందు వసపిట్ట, కింద వరసలో అక్కాచెల్లెళ్ళు పక్కపక్కనే. ఆ గొంతు లౌడ్‌స్పీకర్లలో గణగణలాడుతుంటే, నా కడుపున పుట్టిందేనా ఇది అని తల్లి మురిసిపోయింది.

అంతలో ఒక కుర్రాడు కాలు మెలిపడి కూలబడ్డాడు. ఆట ఆగింది. ఆట ఆగినా కామెంటరీ ఆగకూడదని, అలాంటప్పుడు ఎవరో ఒక ఆటగాడి కథ చెప్పి జనాన్ని పట్టి ఉంచాలని శిబిరంలో నూరిపోశారు. వసపిట్ట చెప్పింది. ఎవరి కథ? కన్నతల్లి కథ!

"మా అమ్మ కూడా ఆడేది. ఫైనల్లో పెనాల్టీ తనే కొట్టాలి. ఎదుటి జట్టు గోల్‌కీపరు సొంత అక్క. గెలిచిన జట్టుకే ఉద్యోగాలు. అక్క ఎటు దూకుతుందో మా అమ్మకి తెలుసు. బంతిని అటే, మెల్లగా కొట్టింది..."

జనం చప్పట్లు కొట్టారు. అక్క చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. ఆ బంతి ఆపడమే ఆమె జీవితంలోకెల్లా గొప్ప సంగతి. బెదిరిపోయిన ప్రతి పిల్లకీ అదే చెప్పి ధైర్యం పోసేది.

చెల్లెలు జ్వరంతో పడుకున్న ఒక మధ్యాహ్నం, తల నిమురుతున్న కూతురితో చెప్పుకున్న మాట అది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఎవరితోనూ అనకే అంటే, నీ మీద ఒట్టు అంది. కడుపులో దాచుకోమని ఇస్తే ఊరందరికీ పంచిపెట్టింది... పరాయివాళ్ళు చేసుంటే తిట్టుకుని ఊరుకునేది. కన్నకూతురిని ఏమని తిట్టుకోవాలి?

"నీ గురించి గొప్పగానే చెప్పాను కదమ్మా," అని గొణిగింది వసపిట్ట.

"నా కూతురివని నీకు చెప్పుకున్నాను. మైకుకి చెప్పలేదు." పిల్లకి మాత్రమే వినబడేలా అంది తల్లి.

పిల్ల గబుక్కున పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "అదంతా నేను కల్పించాను పెద్దమ్మా. ఏం చెప్పాలో తోచలేదు... అమ్మ అలాంటిదేం చెయ్యలేదు."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "అవునా?"

అవునంటే చాలు, అక్క తేలికపడుతుంది. కానీ అది ఇంకో బంతిని మెల్లగా కొట్టడమే. కూతురు అబద్ధాలకోరుగా మిగులుతుంది. ఆమె తల దించుకుంది. అక్కకి అర్థమైపోయింది.

"ఇంతమందికి చెప్పుకున్నానే... నువ్వు పక్కనే కూర్చుని వినేదానివి. లోపల నవ్వుకున్నావా?"

"లేదక్కా. నీకు మంచి జరగాలనే..."

"జరిగింది. కాదనను." అక్క సంచిని భుజం మీదికి లాక్కుంది. "ఒక్కటి చెప్పు. నువ్వు గట్టిగా కొట్టుంటే నేను ఆపేదాన్నా?"

ఈసారైనా నిజమే చెప్పాలనుకుంది ఆమె. "తెలియదక్కా. అప్పుడు... ఆపలేవనుకున్నాను."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉన్నా బాగుండేది.

"ఆపేదాన్నే," అంది మెల్లగా. "నువ్వే నన్ను నమ్మలేదు."

అక్క మెట్లు దిగి వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేక, ఆ గదిలో చెరో గోడకి ఆనుకుని ఉండిపోయారు.