కొట్టుగది తలుపుకు అడ్డురాయి

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. పొయ్యి దగ్గర దోమ్నికా, బల్ల తుడుస్తూ ఆమె కోడలు సాందా, మంచుకు దుంగల లారీ కదలక ఇంట్లోనే ఉండిపోయిన కొడుకు తోదేర్, మెట్ల మీద పుస్తకంతో పదిహేనేళ్ళ మనవరాలు రుక్సాందా, బల్ల కింద రెండున్నరేళ్ళ మనవడు గావ్రిల్.

దోమ్నికాను అడిగితే ఆరుగురని చెప్పేది. ఆరో మనిషి అనీత్సా. తోదేర్ కంటే ముందు పుట్టి, మూడేళ్ళు నిండకుండానే పోయిన పిల్ల. ఆ ఇంట్లో ఏది వండినా మొదటి చెంచా ఒక సాసరులో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచాకే తక్కినవాళ్ళకు వడ్డన. కొట్టుగది తలుపు కూడా అలాంటిదే. దాని గడియ ఎప్పుడో ఊడదీసి ఉంది. ఏటి నుంచి తెచ్చిన నున్నటి రాయి ఒకటి అడ్డుపెట్టి ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచేది దోమ్నికా. శీతాకాలమంతా అందులోంచి చలిగాలి వంటగదిలోకి కొట్టేది. సాందా కాపురానికి వచ్చిన కొత్తలో రెండుసార్లు మూసి చూసింది. రెండుసార్లూ అత్తగారు వెళ్ళి తెరిచింది. పెద్దావిడ చాదస్తమని అందరూ వదిలేశారు.

క్రిస్మస్ ఇంకా మూడు రోజులే. పెద్దవాళ్ళంతా ఉపవాసంలో ఉన్నారు. మాంసం, పాలు, గుడ్లు ముట్టి నెల దాటింది. మొన్న పందిని కోశారు. మాంసం కొట్టుగదిలో కొక్కేలకు వేలాడుతోంది. పసిపిల్లలకు ఉపవాసం లేదు కాబట్టి పండగ వరకు దాన్ని తినగలిగినవాడు ఇంట్లో ఒక్కడే. ఆ ఒక్కడే దాన్ని ముట్టడు.

"నోరు తెరువు నాన్నా. ఇదిగో పిట్ట. పిట్ట గూట్లోకి వెళ్ళిపోతుందట," అంది దోమ్నికా వేయించిన ముక్క చూపిస్తూ.

గావ్రిల్ ముక్కను పరీక్షగా చూశాడు. "పిట్ట చచ్చిపోయింది," అన్నాడు.

తోదేర్‌కు నవ్వాగలేదు. "వాడన్నదీ నిజమేగా అమ్మా."

"నవ్వు, నీకేం. వాడి చెయ్యి చూడు, చీపురుపుల్లలా ఎలా ఉందో. నీకు ఆ వయసులో మెడే కనబడేది కాదు."

"ఇప్పుడూ కనబడదు," అంది సాందా. తోదేర్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ముక్క ఎలాగో నోట్లోకి వెళ్ళింది. గావ్రిల్ దాన్ని బుగ్గన పెట్టుకుని, బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, గుమ్మం దగ్గరున్న రుక్సాందా బూటులోకి జాగ్రత్తగా జారవిడిచాడు. పిల్లి అప్పటికే బూటు పక్కన కూర్చుని ఉంది. తర్వాత వాడు కొట్టుగది దగ్గరకు పోయి అడ్డురాయిని రెండు చేతులతో దొర్లించాడు. ఆ రాయి వాడి పంది. పగలంతా దాన్ని మేపడమే వాడి పని. దోమ్నికా గబగబా వెళ్ళి రాయిని మళ్ళీ తలుపుకు ఆనించింది.

పంది కోసిన రోజు ఆచారం ప్రకారం, గడ్డితో కాల్చిన పంది మీద దుప్పటి పరిచి, బలం వస్తుందని వాణ్ణి కూర్చోబెట్టింది కూడా ఆమే. వాడు పంది చెవి నిమిరి, "నిద్రపో," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దోమ్నికా మాత్రం ముఖం తిప్పుకుంది. అనీత్సా కూడా అదే మాట అంది, వెనకటికి.

నవంబరులో పట్నం డాక్టరమ్మ తూకం వేస్తే పది కిలోల ఆరువందల గ్రాములే వచ్చాడు. "మాంసమే పెట్టాలని లేదు. గుడ్డు, జున్ను, చిక్కుడు గింజలు, వాడికి ఏది ఇష్టమైతే అది. మాంసకృత్తులు లోపలికి వెళ్ళాలి, అంతే. జనవరికి బరువు పెరగకపోతే మాత్రం ఇక్కడ చేర్పించాలి," అంది. గుడ్డు వాసనకే గావ్రిల్ పారిపోతాడు. జున్ను వేళ్ళతో నలిపి నేల మీద ఆరబెడతాడు. కానీ తెల్ల చిక్కుడు గింజలు ఉడికించి, మెత్తగా మెదిపి, వేయించిన ఉల్లిపాయలు కలిపితే మోచేతుల దాకా పూసుకుని తినేవాడు. సాందా ఆశంతా ఆ గిన్నె మీదే.

నిన్న మధ్యాహ్నం నుంచి వాడు ఆ గిన్నెనూ నెట్టేస్తున్నాడు.

ఎందుకో రుక్సాందాకు తెలుసు. నిన్న మెట్ల మీంచి చూసింది. నాయనమ్మ పంది కాలేయాన్ని పొడిలా తరిగి చిక్కుడు ముద్దలో కలిపింది. తలెత్తి, మనవరాలు కనబడగానే పెదవుల మీద వేలు పెట్టింది. రుక్సాందా బడిలో కూడా అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. ఇంట్లో ఎవరూ అడగలేదు.

"ఏమైందిరా నీకు? మొన్నటి దాకా గిన్నె నాకేవాడివిగా," అంది సాందా. వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "ఇలా చూడు. అమ్మ తింటుంది. ఆఁ..."

చెంచా ఆమె నోట్లోకి వెళ్ళింది. రెండుసార్లు నమిలి ఆగింది. పిల్లవాణ్ణి కింద దించి, లేచి, తొట్టి దగ్గరకు వెళ్ళి ఉమ్మేసింది. మూడుసార్లు నోరు కడుక్కుంది. అత్తగారి వైపు తిరిగింది.

"ఇందులో ఏం కలిపారు అత్తయ్యా?"

దోమ్నికా పొయ్యిలో కట్టె సర్దుతోంది.

"మిమ్మల్నే."

"కాస్త కాలేయం. వాడి ఒంట్లోకి వెళ్తుందని."

"నా ఉపవాసం పోయింది, సరే. అది నేనూ దేవుడూ చూసుకుంటాం. వాడు నమ్మి తినేది ఈ ఒక్కటే. దాన్నీ పాడుచేశారు. ఇప్పుడు ఏం పెట్టాలి నేను? నిన్నటి నుంచి పాలు తప్ప వాడి కడుపులో ఏముంది?"

"మాంసం తినని పిల్లలు నిలవరు సాందా. నీకు తెలియదు."

"మీరు నెల రోజులుగా ఇవే గింజలు తింటున్నారు. రెండు బకెట్లతో గుట్ట ఎక్కుతున్నారు. మీకు బలమిచ్చేది వాడికి విషమవుతుందా?"

"సాందా, కాస్త మెల్లగా," అన్నాడు తోదేర్.

"నువ్వుండు. పెళ్ళయినప్పటి నుంచి మెల్లగానే మాట్లాడుతున్నాను."

"నాకు తెలుసు గనకనే చెప్తున్నాను," అంది దోమ్నికా. గొంతు పెరిగింది. "ఈ ఇంట్లో ఒక పిల్ల మాంసం తినక పోయింది."

"కాదు నాయనమ్మా."

అందరూ మెట్ల వైపు చూశారు. రుక్సాందా పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు అలా అనుకుని ఉంటే తలుపుకు రాయెందుకు పెడతావు? మాంసానికీ తలుపుకూ ఏమిటి సంబంధం?"

కొట్టుగదిలోంచి గాలి వచ్చి కిటికీ గట్టు మీది కొవ్వొత్తిని ఊపింది. దోమ్నికా చేతిలోని కట్టెను కింద పెట్టింది. బల్ల దగ్గర కూర్చుని ఏప్రన్‌తో మోకాళ్ళు కప్పుకుంది, చలి వేసినట్టు.

"అనీత్సాను నేనే లోపల పెట్టి గడియ వేశాను," అంది. "ముక్కలు పళ్ళెంలో వేసి, కొట్టుగదిలో కూర్చోబెట్టి, పళ్ళెం ఖాళీ అయ్యాకే తలుపు తీస్తానన్నాను. మా అత్తగారు అలాగే చెయ్యమన్నారు. అందరూ అలాగే చేసేవాళ్ళు. ఇంతలో ఆవు ఈనడానికి వచ్చింది. దూడ అడ్డం తిరిగింది. నేను కొట్టంలోకి పరిగెత్తాను. ఎంతసేపో తెలియదు. డిసెంబరే. ఇలాంటి మంచే."

తోదేర్ తల్లి ముఖంలోకి చూస్తున్నాడు. అక్క జ్వరంతో పోయిందనే అతను విన్నాడు. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు.

"తీసేసరికి క్యాబేజీ పీపా పక్కన నిద్రపోతోంది. పళ్ళెం అలాగే ఉంది. బస్తాలోంచి అక్రోట్లు తీసుకుని రెండు గుప్పిళ్ళలో పట్టుకుంది. పగలగొట్టడానికి చూసినట్టుంది పాపం. పెంకుల మీద పంటి గాట్లున్నాయి. ఆ రాత్రే జ్వరం. మూడో రోజుకు... మాంసం తినక పోయిందని అందరికీ చెప్పాను. అందరూ నమ్మారు. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను."

దోమ్నికా ఏడవలేదు. ఏడ్చింది సాందా. బల్ల అవతలి నుంచి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. బల్ల కింద నుంచి గావ్రిల్ రాయిని మేపుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది. అది తలుపు దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు.

చివరికి సాందా ముక్కు తుడుచుకుని లేచింది. నిన్న రాత్రి నానబెట్టిన గింజల గిన్నె ముందుకు లాగింది.

"ఉల్లిపాయలు తరుగుతారా అత్తయ్యా? నాకు కళ్ళు కనబడటం లేదు."

"నాకు మాత్రం కనబడుతున్నాయా?"

కొత్త గిన్నెలో వండారు, పాత గిన్నె చూస్తే వాడికి అనుమానం వస్తుందని. దోమ్నికా అక్రోట్ల పప్పును రోట్లో వేసి పిండిలా దంచి ముద్దలో కలిపింది. కలిపే ముందు కోడలికి చూపించింది. సాందా తలూపింది. గావ్రిల్‌ను ఎవరూ పిలవలేదు. పిట్టల ఊసు ఎత్తలేదు. దోమ్నికా ఎప్పటిలాగే అనీత్సా వాటా తీసింది. ఆ రోజు ఒక చెంచా కాదు. సాసరు నిండా పెట్టింది. పైన ఉల్లిపాయలు వేసింది. కిటికీ గట్టు మీద ఉంచి, సిలువ గుర్తు వేసుకుని, వెనక్కి తిరిగి రొట్టె కోస్తూ నిలబడింది.

వెనక బెంచీ కిర్రుమంది.

రుక్సాందా నోరు తెరవబోయింది. సాందా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గొర్రెతోలు కోటులో ఉన్న గావ్రిల్ బెంచీ ఎక్కి, సాసరు అందుకుని, వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. దాన్ని పొట్టకు ఆనించుకుని కిందికి జారి, నేరుగా కొట్టుగదిలోకి నడిచాడు.

దోమ్నికా చేతిలో కత్తి ఆగిపోయింది. అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. వాడు క్యాబేజీ పీపా పక్కన, అదే చోట, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నాలుగు వేళ్ళూ ముద్దలో ముంచి నోట్లో పెట్టుకుంటున్నాడు. మింగుతున్నాడు. గడ్డం మీంచి కారినదాన్ని అరచేత్తో తుడిచి మళ్ళీ నోట్లో పెట్టుకుంటున్నాడు.

ఆమె నీడ వాడి మీద పడింది. వాడు తలెత్తాడు.

"చూడొద్దు," అన్నాడు.

"చూడను నాన్నా. నువ్వు తిను."

ఆ మాట మీద వాడికి నమ్మకం కలగలేదు. సాసరును జాగ్రత్తగా నేల మీద పెట్టి లేచాడు. అడ్డురాయి బల్ల కిందే ఉంది. వాడు ముద్ద అంటిన రెండు చేతులతో తలుపును తోశాడు. ఆమె దాన్ని పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపు మెల్లగా వచ్చి ఆమె ముఖం మీద మూసుకుంది.