బుల్లబ్బాయి చివరి క్యాసెట్

2003లో మా ఆఫీసు అమీర్‌పేటలో, ఒక కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తులో ఉండేది. కాకినాడ దగ్గరి మడ అడవిలో పక్షులను లెక్కపెట్టి ప్రభుత్వానికి నివేదిక పంపడం మా పని. నేను చెప్పే ఆ వారంలోగా లెక్క వెళ్ళకపోతే, కొంగలు గూళ్ళు పెట్టే కాలువ రొయ్యల చెరువులకు పోతుంది.

లెక్క మాకు బుల్లబ్బాయి గారి క్యాసెట్ల మీద వచ్చేది. ఆయన అక్కడ పడవ నడిపేవాడు. పక్షులు గూటికి చేరే వేళ వాటి అరుపులు రికార్డు చేస్తూ, ఎన్ని వాలాయో చెప్పేవాడు. అప్పటికి మూడు వారాల క్రితం సముద్రం పోటెక్కినప్పుడు పోయాడు. పడవ దొరికింది. అందులో టేపు రికార్డరు, దానిలో చివరి క్యాసెట్ దొరికాయి. ఆయన దొరకలేదు. పోటు వేళ వద్దని ఆయన అన్నా, ఇంకొక్క సాయంత్రం వెళ్ళమని ఫోన్లో పట్టుబట్టింది నేనే.

ఆ క్యాసెట్ ఆ రోజు కొరియర్లో వచ్చింది. సాయంత్రం ఆరున్నర. వాన. కరెంటు లేదు. కింద క్లాసులు ఆపేసి అందరూ వెళ్ళిపోయారు. నేనూ, మా కంప్యూటర్ పని చూసే సిరిసిల్ల శ్రవణూ మిగిలాం. రికార్డరులో బ్యాటరీలు వేసి మీట నొక్కాను.

ముందు నీళ్ళ చప్పుడు. నీటికాకుల గొంతులు. వందల రెక్కలు.

"నలభై కొంగలండీ... ఇంకా వత్తన్నాయి."

రాసుకున్నాను. ఆ అంకెలతోనే తర్వాత ఆ కాలువ మిగిలింది.

ఉన్నట్టుండి పిట్టలన్నీ ఆగిపోయాయి.

"మంజూష గారా?" బుల్లబ్బాయి గారి గొంతు తగ్గింది. "మీరెప్పుడొచ్చారండీ? ఆ బురదలో నిలబడకండి... దిగబడిపోతారు."

శ్రవణ్ నా వైపు చూశాడు. మంజూష అంటే నేనే. ఆయన పోయిన రోజు నేను ఈ గదిలోనే ఉన్నాను. తనకూ తెలుసు.

టేపులో ఒక ఆడగొంతు.

"బుల్లబ్బాయి గారూ... ఇటు రండి."

అది నా గొంతు.

"ఆయ్, వత్తన్నానండి."

పడవ ఊగింది. నీళ్ళు ఒక్కసారి చెదిరాయి. తర్వాత ఏమీ లేదు...

మీట నొక్కి ఆపేశాను.

"బంద్ చేసిన్రా మేడం?"

"చేశాను."

మెట్ల వైపు నుంచి కుళ్ళిన ఆకుల వాసన వచ్చింది. ఉప్పు బురద వాసన. అమీర్‌పేటలో...

"శ్రవణ్..."

కింద నుంచి. నా గొంతే.

"శ్రవణ్, కిందికి రా. నేనిక్కడున్నాను."

శ్రవణ్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నేను పోను మేడం," అన్నాడు చెవిలో. "మీరు సుత పోకుర్రి."

తలుపు గడియ పెట్టి, ఇద్దరం బల్ల వెనక కూర్చున్నాం. ఊపిరి పీల్చుకోవాలన్నా భయం. చాలాసేపు వాన తప్ప ఏమీ వినపడలేదు.

అప్పుడు, మెట్ల కింద నుంచి ఎవరో జవాబిచ్చారు.

"వస్తున్న మేడం."

అది శ్రవణ్ గొంతు.

శ్రవణ్ నా పక్కనే ఉన్నాడు. రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు.