నంబల్‌కోట్ నగారా

బల్‌జోత్ కౌర్ కుర్చీ అంచున కూర్చుని, ఎవరో వెంటపడుతున్నట్టు రెండుసార్లు తలుపు వైపు చూసింది.

“రేపు మా ఊళ్లో సంవత్సరీకం, అన్నగారూ. మా ఆయన్ని గురుద్వారా గడప తొక్కనివ్వరట. ఆ తర్వాత ఊరొదిలి పొమ్మన్నారు. పోయినవాళ్లలో ఆయన సొంత అన్న ఉత్తమ్ సింగ్ ఉన్నాడండీ! పాడె కూడా మొయ్యనివ్వలేదు.”

అపరాధ పరిశోధకుడు ఉజాగర్ సింగ్ తలపాగా సర్దుకున్నాడు. నంబల్‌కోట్ పేరు వినని వాళ్లు ఆ కాశ్మీరు లోయలో లేరు. కిందటేడు మంచు కరిగే రోజుల్లో, యూనిఫారాల్లో వచ్చిన హంతకులు ఆ సిక్కుల ఊళ్లో మగవాళ్లను గురుద్వారా వెనక గోడకు నిలబెట్టి కాల్చేశారు. వాళ్లెవరో ఇప్పటికీ తేలలేదు. ఈమె భర్త, పాలు పోసే తేగ్‌బీర్ ఇల్లిల్లూ తిరిగి, సైనికుల తనిఖీకి రమ్మని పిలిచి, అందర్నీ చావుకు అప్పగించాడని మాత్రం ఊరు ఏకకంఠంతో చెబుతోంది.

“ఆ వేళ మీ ఆయన ఎక్కడున్నాడు?”

“పాల క్యాన్లతో పక్కూళ్లో. బతికుండటమే ఆయన తప్పయింది.”

పక్కనే సహాయకుడు గుల్జార్ ఆమె మాటలు రాసుకుంటున్నాడు. అతని ఊరు నంబల్‌కోట్‌కి వాగు అవతలే. ఆ సాయంత్రం తూటాల చప్పుడు విని ఇంటి తలుపుకి గడియ పెట్టింది అతనే. ఆ సంగతి గురువుగారు ఉజాగర్ సింగ్‌కి చెప్పే మొహం అతనికి లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఊరు చేరారు. గురుద్వారా గడప పక్క బల్ల మీద బూట్లు, జోళ్లు జతలు జతలుగా దుమ్ముపట్టి ఉన్నాయి. పోయినవాళ్లవి. వాటిని తీసే ధైర్యం ఎవరికీ చాలలేదు. ఉజాగర్ సింగ్ వాటి ముందు వంగి చాలాసేపు చూశాడు.

లోపల రొట్టెల పిండి కలుపుతున్న ప్రకాశ్ కౌర్‌ని పలకరించాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆమె.

“తేగ్‌బీర్ ఏమని పిలిచాడమ్మా?”

“తనిఖీకి రండన్నాడు.”

“మీరు విన్నారా?”

“అందరూ విన్నారు.”

“మీరు?”

“అందరూ విన్నారంటుంటే! చెవుడా నీకు?”

గురుద్వారాలో గ్రంథం చదివే ముసలాయన భాయీ ఝండా సింగ్ చాపలు పరుస్తున్నాడు. మూలన, ఊరిని ప్రార్థనకు పిలిచే పెద్ద నగారా మీద గుడ్డ కప్పి ఉంది.

“దీన్ని వాయించడం మానేశారేం, భాయీజీ?”

“తోలు చిరిగింది నాయనా. బాగు చేయించాలి.”

ఉజాగర్ సింగ్ గుడ్డ ఎత్తి చూసి, మళ్లీ కప్పేశాడు. గుల్జార్ కూడా తొంగి చూశాడు. తోలు బిగువుగా, నున్నగా ఉంది.

ప్రార్థనకు అందరూ చేరారు. తేగ్‌బీర్, బల్‌జోత్ గడప బయటే నిలబడ్డారు. ఉజాగర్ సింగ్ లేచాడు.

“తనిఖీ అంటే ఈ లోయలో మనిషి ఏం చేస్తాడు? గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని వీధిలో నిలబడతాడు. జోళ్లు విప్పి వరసగా పెట్టడు. వీళ్లు పెట్టారు. అంటే పిలుపు గురుద్వారా నుంచే వచ్చింది. ఇక్కడ కూర్చున్నాకే వాళ్లని వట్టికాళ్లతో వెనక్కి తోలుకెళ్లారు. ఊరు మొత్తాన్ని ఒక్కసారి రప్పించే గొంతు మీకొక్కటే ఉంది. దాని తోలు చిరగలేదు, భాయీజీ.”

ముసలాయన నగారా పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

“ఆ యూనిఫారాల వాళ్ల నాయకుడు గడప దగ్గర బూట్లు విప్పాడు నాయనా! నెత్తిన రుమాలు కట్టుకున్నాడు. మనవాళ్లలాగే ఫతే అని పలకరించాడు. ఊరికి ముప్పుంది, మగాళ్లని ఒకచోట చేర్చండి, కాపలా కాస్తామన్నాడు. బూట్లు విప్పినవాణ్ణి ఎలా అనుమానించేది? వాయించాను. ఈ చేతుల్తోనే వాయించాను.”

“మీరొక్కరే దాచి ఉంటే ఇది ఏనాడో బయటపడేది. నగారా ఊరందరికీ వినిపించింది. ఏడాదిగా ఒక్కరూ నోరు విప్పలేదేం?”

ప్రకాశ్ కౌర్ చున్నీలో మొహం దాచుకుంది.

“మావాడికి జ్వరం. లేవనన్నాడు. నగారా మోగుతోందిరా, సిగ్గులేదా అని దుప్పటి లాగేశాను. నేనే పంపాను బాబూ.”

“మా ఆయన అన్నం ముందు కూర్చున్నాడు,” అంది పక్కనున్న ఆవిడ. “వచ్చి తిందువుగాని లెమ్మన్నాను.”

ప్రతి ఇంట్లోనూ అదే కథ. నగారా పేరెత్తితే తామే పంపామని ఒప్పుకోవాలి. అంత బరువు మోయలేక, దాన్ని తెచ్చి తేగ్‌బీర్ నెత్తిన పెట్టారు. గురువుగారి తెలివికి ఎప్పుడూ మురిసిపోయే గుల్జార్‌కి ఈసారి ఆ ఆడవాళ్ల వైపు చూడటానికే సిగ్గేసింది. వాళ్లు తలుపులు తీసి పంపారు, తను మూసుకున్నాడు.

ఝండా సింగ్ లేచి తేగ్‌బీర్ వైపు తిరిగాడు. “ఊరొదిలి పోవాల్సింది నేను, తేగా. నువ్వుండు.”

తేగ్‌బీర్ గడప దాటి లోపలికి వచ్చాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

“ఎక్కడికి పోతావు తాతా? పోయినవాళ్ల పేర్లు ఎవరు చదువుతారు? కానియ్యి.”

ముసలాయన చేతులు జోడించి ఒక్కో పేరే పలికాడు. ఉత్తమ్ సింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఎవరో అందించబోతే తేగ్‌బీర్ చెయ్యెత్తి ఆపాడు.

“చెప్పు తాతా. మా అన్న పేరు నీ నోటే వినాలి.”

ముసలాయన ఆ పేరు పలికాడు. ఏడాదిగా కన్నీటిచుక్క రాల్చని తేగ్‌బీర్, అన్న కోసం అప్పుడు బావురుమన్నాడు.