పేరుంది, చిరునామా లేదు

ఆ సాయంత్రం ఒకటే వాన. ఆఫీసుకు సెలవు. అయినా ఆఫీసు లోపలి వెబ్ పేజీలేవీ తెరుచుకోవడం లేదని కబురొస్తే నేనూ కేబుల్ బాబాయ్ వచ్చాం. ఆయన వైర్లు చూస్తాడు, నేను డీఎన్ఎస్ సర్వర్ చూస్తాను. ఏ కంప్యూటర్ పేరు అడిగినా దాని చిరునామా చెప్పే యంత్రం అది. చెప్పలేకపోతే ఎందుకో ఒక కోడ్‌లో చెబుతుంది.

ఆ సర్వర్ పెట్టింది ఇక్కడే పనిచేసిన మా తమ్ముడు. పోయిన వానల్లో బండి మీద ఇంటికొస్తూ దారిలోనే పోయాడు.

మొదట వచ్చిన కోడ్ సర్వ్‌ఫెయిల్. పేరులో తప్పు లేదు, సర్వరే జవాబు చెప్పలేకపోతోందని అర్థం. ఎవరు ఏం అడిగారో రాసుకునే లాగ్ తెరిచాను. ఎవరో ఒకే పేరును ఊపిరి సలపకుండా అడుగుతున్నారు. ఆ రద్దీకే అది చతికిలబడింది.

ఆ పేరు బుజ్జిపండు. తమ్ముడి కంప్యూటర్‌ది. అమ్మ పిలిచే ముద్దుపేరుతో వాణ్ణి ఏడిపించడానికి నేనే పెట్టాను. వాడు పోయాక సర్వర్‌లోంచి తీసేసిందీ నేనే.

"ఎక్కణ్ణుంచి అడుగుతున్నారమ్మా?"

"వాడి సీటు నుంచి బాబాయ్."

ఆయన వెళ్ళి చూసొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కడ కంప్యూటరే లేదు తల్లీ. వైరు ఊడి వేలాడుతోంది."

నేనూ ఆ పేరే అడిగాను. ఎన్ఎక్స్ డొమైన్ రావాలి, అంటే అలాంటి పేరే లేదని. కానీ నో ఎర్రర్ అని వచ్చింది, అంటే తప్పేమీ లేదని. కింద చిరునామా ఖాళీ. పేరుంది. ఎక్కడుందో లేదు.

బాబాయ్ తన లాప్‌టాప్‌లో అడిగాడు. "నాకైతే అలాంటి పేరే లేదంటోందమ్మా."

మళ్ళీ అడిగాను. రిఫ్యూజ్డ్. చెప్పనని. అలిగినప్పుడు వాడూ అంతే, ఎంత బతిమాలినా నోరు విప్పేవాడు కాదు.

ఏసీ ఆపేసే ఉంది. అయినా ఒళ్ళు జలదరించింది. తడిసిన రెయిన్‌కోటు వాసన... దాని వెనకే పెట్రోలు వాసన...

"వదిలెయ్యమ్మా... పోదాం పద," గుసగుసగా అన్నాడు బాబాయ్.

నా వేళ్ళు ఆగలేదు, ఆ పేరే మళ్ళీ కొట్టాను. "ఎక్కడున్నావురా..."

ఈసారి చిరునామా వచ్చింది. ఒక్కో అంకే చదువుకున్నాను. నేను కూర్చున్న కంప్యూటర్‌దే.

వెనక్కి తిరగలేదు. భయపడి కాదు. తిరిగితే వాడు ఉండడేమోనని.

"ఇంటికి పోరా కన్నా," అన్నాను. "ఇక్కడేం పని నీకు? నీకోసం అమ్మ ఏడవని రోజు లేదు."

లాగ్ ఆగిపోయింది. వాసన పోయింది. ఆఫీసు పేజీలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాను. బాబాయ్ నా తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఫోన్ మోగింది. అమ్మ. ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళైందో.

"అమ్మడూ, వాడొచ్చాడే! తడిసి ముద్దయ్యాడు. తల తుడుస్తున్నా."

అమ్మ గొంతు తగ్గించింది.

"అవునే... వాడితో వచ్చినాయన ఎవరు? తలెత్తి చూడడేం? ఇందాకట్నుంచీ తలుపు దగ్గరే నిలబడి ‘బుజ్జిపండు, బుజ్జిపండు’ అని ఊపిరి సలపకుండా అడుగుతున్నాడు... వీడేమో ఏడుస్తూ నన్ను పారిపొమ్మంటున్నాడు..."