గొట్టం చుట్టూ సందు

గవర్నర్‌పేటలోని డిటెక్టివ్ కిరీటి ఆఫీసుకు అమలమ్మ చల్లపల్లి బస్సు దిగి నేరుగా వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా వినీల జబ్బుచేసి పోయి రెండు నెలలైందండీ. రేపు వాళ్ల ఆఫీసులో తప్పంతా దానిదేనని తేల్చేస్తున్నారంట. చచ్చిపోయిన పిల్ల వచ్చి నేను కాదని చెప్పుకోలేదు కదా! మీరన్నా చెప్పండి."

అసిస్టెంట్ ఉషశ్రీ లేచి ఆమెకు మంచినీళ్లిచ్చింది. బిడ్డ ఎటూ తిరిగి రాదు, పేరైనా దక్కాలని ఆ తల్లి ఆరాటం. కిరీటి మాత్రం తొణకలేదు. ఆ నిబ్బరమంటే ఉషశ్రీకి భక్తి, ఒక్కోసారి ఒళ్లుమంట కూడా.

వినీల పనిచేసిన ఆఫీసు బెంజి సర్కిల్ దగ్గర ఉంది. విదేశంలో కట్టబోయే ఫ్యూజన్ రియాక్టర్‌లో, మరమ్మతు చేసేవాళ్లు తిరిగే గదిలోకి న్యూట్రాన్లు ఎన్ని చొరబడతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం అక్కడి పని. గోడ ఎంత మందంగా ఉన్నా, గొట్టం దూరే చోట సందుంటే అవి అందులోంచి జారుకుంటాయి.

"ఆ సందుల్నే మర్చిపోయిందండీ," అన్నాడు యజమాని రామకోటేశ్వరరావు, అక్కడికి వెళ్లిన కిరీటికీ ఉషశ్రీకీ తెర చూపిస్తూ. "డ్రాయింగులో ప్రతి గొట్టం చుట్టూ వేలెడు సందుంది. ఈ కంప్యూటర్ మోడల్లో లేదు. దీన్ని నమ్మి కట్టుంటే మనుషులు రేడియేషన్లో పనిచేసేవాళ్లు. ఫైలు మీద ఆ అమ్మాయి పేరే ఉంది."

"కాంక్రీటు గోడల మూలలు ఇలా గుండ్రంగా ఉంటాయా?" అడిగాడు కిరీటి.

"ఉండవు. అదీ పొరపాటే."

బల్ల మీద ఆ గదికే చెక్క నమూనా ఉంది. వచ్చినవాళ్లకు చూపించడానికి కొలతలిచ్చి కొండపల్లిలో చేయించారట. కిరీటి అందులో ఒక గొట్టం పట్టుకుని కదిపి చూశాడు. కదల్లేదు.

"ఇదెప్పుడొచ్చింది?"

"వినీల ఆస్పత్రిలో చేరాక. పాపం, ఆ పిల్ల దీన్ని చూడనేలేదు. అప్పటికే మోడల్ పూర్తిచేసింది. దాన్ని రియాక్టర్ కట్టేవాళ్లకు పంపించడం మాత్రం తనతో పనిచేసే సాయిగణేష్ చూసుకున్నాడు. ఇద్దరూ మంచి స్నేహితులండీ."

సాయిగణేష్ కళ్లెత్తకుండా జవాబిచ్చాడు. "తను చేసిందే పంపానండీ. నేను ముట్టుకోలేదు." రోజూ ఆస్పత్రికి వెళ్లేవాడినన్నాడు. ఆ మాట అమలమ్మ కూడా ముందే చెప్పింది.

"మంచివాడిలాగే ఉన్నాడండీ," అంది ఉషశ్రీ బయటికొచ్చాక.

"మంచివాడే. అదే దిగులుగా ఉంది."

ఆ సాయంత్రం ఇద్దరూ కొండపల్లి వెళ్లారు. ఒక ఇంటి అరుగు మీద బొమ్మకు చెయ్యి అతికిస్తున్నారు. చింతగింజల బంకలో రంపంపొట్టు కలిపిన మక్కుతో సందు కనపడకుండా పూడ్చి, పిల్లలకు గుచ్చుకోకుండా మూలలు అరగదీస్తున్నారు. కిరీటి చాలాసేపు చూసి బస్సెక్కాడు.

మర్నాడు వినీల ఆఫీసులో, అమలమ్మతో సహా అందరినీ ఆ చెక్క గది చుట్టూ కూర్చోబెట్టాడు.

"కొండపల్లివాళ్లు బొమ్మలో సందు ఉండనివ్వరు, మక్కు పెట్టేస్తారు. మూలలు నున్నగా అరగదీస్తారు. అది వాళ్ల పనితనం. కంప్యూటర్లో మోడల్ కూడా అచ్చం ఇలాగే ఉంది. అంటే దాన్ని డ్రాయింగు చూసి కట్టలేదు, ఈ బొమ్మను స్కాన్ చేసి కట్టారు. బొమ్మ వచ్చేసరికి వినీల ఆస్పత్రి మంచం మీద ఉంది. ఆ తర్వాత ఫైలు ఒక్కరి చేతిలోనే ఉంది. ఆమె కట్టిన మోడల్ ఏమైంది, సాయిగణేష్?"

సాయిగణేష్ చెక్క గది మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పొరపాటున చెరిపేశానండీ. మళ్లీ కట్టాలంటే నెల పట్టేది, గడువు ముంచుకొచ్చింది. బొమ్మ కొలతలు కుదిరాయి కదాని స్కాన్ చేసి, తన పేరుతోనే సేవ్ చేశాను. తను రోజూ 'నాది వెళ్లిందా?' అనడిగేది. వెళ్లిందన్నాను. అంత జబ్బులో ఉన్న మనిషికి ఏమని చెప్పనండీ?"

"మరి తప్పు బయటపడ్డాక?"

"భయమేసింది." అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

రామకోటేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "మీ అమ్మాయి తప్పేం లేదమ్మా. ఈరోజే రియాక్టర్ కట్టేవాళ్లకు రాసేస్తాను."

కేసు తేలిన ప్రతిసారీ కిరీటి వైపు గర్వంగా చూసే ఉషశ్రీ ఈసారి తలెత్తలేకపోయింది. అమలమ్మ మెల్లగా వెళ్లి సాయిగణేష్ పక్కన కూర్చుంది.

"దాన్నే అడగాల్సింది బాబూ. ఆఫీసు నుంచి ఎవరన్నా ఏదన్నా అడుగుతారేమోనని ఫోన్ దిండు కిందే పెట్టుకునేది. ఇంక నాతో ఎవరికీ పన్లేదమ్మా అని ఏడ్చేది. నువ్వొచ్చి ఆ మోడల్ చెరిగిపోయిందని చెప్పుంటే, తిట్టేది. తిట్టి, లేచి కూర్చుని, మళ్లీ ఎలా కట్టాలో చెప్పేది."