మోగని పంపు

తెల్లవారి నర్సు దుప్పటి తొలగించేసరికి, డ్రాయింగు మాస్టారి వెన్నులోకి నొప్పి మందు పంపే సన్నని గొట్టం భుజం దగ్గర ఊడిపోయి ఉంది, ఆయన పళ్లు బిగబట్టి వణికిపోతున్నారు.

పొట్టకు పెద్ద ఆపరేషనైన మనిషి. ఆ మందు మత్తు కోసం దొంగిలిస్తారని తాళం వేసి ఉంచే రకం. నర్సే కాజేసిందని మధ్యాహ్నానికల్లా ఆస్పత్రంతా గుప్పుమంది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆమె డిటెక్టివు గుమ్మం తొక్కింది. ఏ పనైనా తాపీగా చేస్తారని ఆయన్ని అందరూ నిదానంగారంటారు.

ఆ గదిలో పడకలు రెండే. రెండో పడక వాచీల రిపేరు తాతది. పక్కనున్న స్టూలు మీద ఎవరూ కూర్చున్న జాడ లేకపోవడం నిదానంగారి అసిస్టెంటు గమనించింది.

"మామయ్యగారిని ఈ రోజు పై వార్డుకి మార్చాల్సింది. ఈవిడ చేతివాటంతో అంతా ఆగిపోయింది," అన్నాడు మాస్టారి అల్లుడు.

"పరుపు తడిసిందా, సిస్టర్?" అడిగారు నిదానంగారు.

"భుజం కిందంతా తడేనండి. రాత్రి పక్క వార్డులో ఒకరికి ఊపిరాడకపోతే అటు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఇలా."

"మందు ఎక్కించే పంపు మోగలేదా?"

"గొట్టం మడతపడితే మోగుతుంది. ఊడితే మోగదు."

"మొన్న నా గొట్టం ఊడినప్పుడూ అంతేగా," నవ్వాడు తాత. "మహారాణిలా గమ్మునుంది."

నిదానంగారు గొట్టం అతుకును వేళ్ల మధ్య తిప్పి చూశారు. తర్వాత అందర్నీ మంచం చుట్టూ నిలబెట్టారు.

"మందు పరుపు పాలైంది. కాజేసేవాడు ఒక్క చుక్క వదలడు. కాబట్టి ఇది దొంగతనం కాదు. ఈ అతుకు మరలా తిప్పి బిగించినది, తిప్పితే తప్ప రాదు. చీకట్లో, మాస్టారికి మెలకువ రాకుండా తిప్పాలంటే సన్నపనికి అలవాటుపడ్డ వేళ్లుండాలి. పంపు మోగదని ముందే తెలిసుండాలి."

ఆయన చూపు అప్పటికే రెండో పడక మీదుంది.

తాత తన చేతుల్నే చూసుకున్నాడు.

"నేనే. నర్సమ్మాయి పాపం ఏమీ ఎరగదు. పొద్దున లేవగానే 'నిద్ర పట్టిందా, తాతా' అని నన్నడిగేది మాస్టారొక్కరే. ఆయన్నీ పై వార్డుకి తీసుకుపోతామన్నారు. నాది ఊడినప్పుడు అమ్మాయి ఎదురుగానే ఉండి వెంటనే సరిచేసింది. ఈయనకీ అలాగే బిగించి ఇంకో రోజు ఇక్కడే ఉంచుతారనుకున్నా. ఎప్పుడూడిందో తెలియని గొట్టాన్ని క్రిముల భయంతో మళ్లీ తగిలించరని నాకు తెలీదు. మీరు మూలుగుతుంటే నర్సుని పిలిచే బెల్లు మీద చెయ్యి వేశాను, మాస్టారూ. నొక్కితే దొరికిపోతానని తీసేశాను."